పొగాఫీసు చుట్టూ

పళ్ల డాక్టరుగారు ఆ రోజు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, కాఫీ కూడా తాగకుండా షెడ్డులోకి వెళ్లి కారు బానెట్టు ఎత్తారు. ప్రాక్టీసు మానేసి చాలాకాలమైనా ఆయన పనిముట్లను మాత్రం వదల్లేదు. ఒకప్పుడు రోగుల నోట్లో పెట్టిన చిన్న గుండ్రటి అద్దాన్ని ఇప్పుడు కార్బ్యురేటర్ కింద పెట్టి చూస్తారు. దవడ పళ్ల సందుల్లో గీకిన కొక్కెం సూదితో పెట్రోలు దారిలో పేరుకున్న మడ్డి గీకుతారు. అలవాటు చొప్పున అప్పుడప్పుడు "కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకో" అని కూడా అంటారు.

"అది ఓర్చుకుంటుందిగానీ, ముందు మీరిది తాగండి" అంటూ భార్య కాఫీ గ్లాసు తెచ్చి మడ్‌గార్డు మీద పెట్టబోయింది.

"అక్కడ పెట్టకు! నిన్ననే పాలిష్ పట్టాను."

"ఇంట్లో డైనింగ్ టేబులు పాలిష్ పోయి పదేళ్లయింది. దాని సంగతి ఎప్పుడైనా పట్టించుకున్నారా?"

డాక్టరుగారు గ్లాసు అందుకున్నారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఒకేసారి నాలుగు లైన్లలో మాట్లాడి, నలుగురి చేతా సరే అనిపించిన గొంతు అది. దానికి ఎదురు చెప్పడం లాభం లేదని ఆయనకి పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది.

ఆ కారుది లేత పసుపు రంగు. గుండ్రటి దీపాలు, బుగ్గల్లా ఉబ్బిన మడ్‌గార్డులు. ఆస్పత్రి పెట్టిన కొత్తలో, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక సర్వే ఉద్యోగి దగ్గర కొన్నారు. అప్పటికే అది ఒక చేతిలో నలిగిన బండి. ఆ తర్వాత కొన్నాళ్లకి వాళ్లకి కూతురు పుట్టింది. కారు ముందొచ్చింది కాబట్టి అది పెద్దది, అమ్మాయి చిన్నది అయ్యాయి. ఇంట్లో అందరూ అలాగే పిలిచేవారు. "మీ చిన్నది బాగా చదువుతుందట, మరి పెద్దదేం చేస్తోంది?" అని ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే డాక్టరుగారు నిజాయితీగా "షెడ్డులో ఉందండీ, కాస్త దగ్గుతోంది" అనేవారు. పాపం, అడిగినవాళ్లు మళ్లీ ఆ మాటెత్తేవారు కాదు.

ఇప్పుడు సమస్యల్లా ఆ దగ్గుతోనే వచ్చింది. ఆ ఏడు కొత్త రూలొచ్చింది. పాత కార్లన్నీ పొగ పరీక్షకి రావాలి. ఒకసారి ఫెయిలైతే ఇంకో అవకాశం ఇస్తారు. రెండోసారి కూడా ఫెయిలైతే నంబరు రద్దు చేస్తారు, ఇక ఆ బండి రోడ్డెక్కకూడదు. పరీక్ష వద్దనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది. "పురాతన వాహనం" అని రాసిన ఫలకం తగిలించుకోవచ్చు. అప్పుడు ఎంత పొగ వదిలినా ఎవరూ అడగరు. పాత కార్ల సంఘంలో చాలామంది ఆ ఫలకం వైపే మొగ్గు చూపుతున్నారు. డాక్టరుగారికి మాత్రం మనసొప్పలేదు. "మనం బతికుండగానే దానికి సమాధిరాయి చెక్కిస్తామా?" అని పట్టుబట్టి కిందటి నెల పరీక్షకి తీసుకెళ్లారు. పెద్దది శుభ్రంగా ఫెయిలైంది. ఈ రోజుది ఆఖరి అవకాశం.

మెకానిక్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "డాక్టరుగారూ, చల్లగా ఉంటే పొగ కక్కుతుంది. బాగా వేడెక్కాకే పరీక్ష గొట్టం పెట్టించండి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వేడి మీద ఆపారో, మళ్లీ చల్లారేదాకా స్టార్టవదు. పరీక్షయ్యేదాకా ఇంజను ఆపకండి."

"నేను దిగి యాక్సిలరేటరు వదిలితే బండి ఆగిపోతుంది" అన్నారు డాక్టరుగారు భార్యతో. "నువ్వొచ్చి టోకెన్ తీసుకోవాలోయ్."

"సర్వీసంతా జనాన్ని లైన్లో ఉండండి, లైన్లో ఉండండి అన్నాను. ఆ ఉసురు ఇప్పుడు తగిలింది. పదండి" అని ఆవిడ చెప్పులేసుకుంది. వేసుకుంటూనే, "ఈసారీ పోయిందంటే పీడా విరగడవుతుంది. ఈ షెడ్డులో గులాబీ కుండీలు పెట్టుకుంటాను" అంది. ఆ మాట ఆవిడ ఏళ్ల తరబడి అంటూనే ఉంది. కుండీ మాత్రం ఒక్కటీ కొనలేదు.

పొగ పరీక్ష కేంద్రాన్ని ఊళ్లో అందరూ పొగాఫీసు అనేవారు. డాక్టరుగారి బండి అక్కడికి చేరేసరికి గేటు దగ్గర అప్పటికే బారు ఉంది. ఆవిడ దిగి, టోకెన్ తీసుకుని, మొహం చిట్లించుకుంటూ వచ్చింది.

"మన నంబరు చాలా వెనకుంది. మైకులో పిలుస్తారట. అందాకా బండి లోపల పెట్టుకోమన్నారు. కానీ అదిగో, ఆ బోర్డు చూడండి."

గేటు పక్కన పెద్ద బోర్డు ఉంది. "ఆవరణలోనికి వచ్చు వాహనముల ఇంజనులు విధిగా ఆపవలెను. పొగ ఆరోగ్యమునకు హానికరము."

"పొగ పరీక్ష చేసే చోట పొగ రాకూడదంటే ఎలాగోయ్?"

"నన్నడుగుతారేం? మీ పళ్లాస్పత్రిలో నోరు మూసుకోండి అని బోర్డు పెట్టినట్టుంది."

ఇక చేసేదేముంది? మైకు వినబడేంత దూరంలో ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉండటమే మార్గమనుకున్నారు. పొగాఫీసుకి నాలుగు వైపులా నాలుగు వీధులున్నాయి. డాక్టరుగారు మొదటి వీధిలోకి తిప్పారు.

ఆ నాలుగు వీధులూ వాళ్లకి కొత్తవి కావు. మొదటి వీధిలోనే ఆవిడ పనిచేసిన ఎక్స్ఛేంజీ ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్మే మూడంతస్తుల కొట్టు లేచింది. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసింది.

"ఆ రెండో అంతస్తు కిటికీ దగ్గరేనండీ నా కుర్చీ. నైట్ డ్యూటీ దిగి తెల్లారి కిందకొచ్చేసరికి మీరు స్టీరింగు మీద తల పెట్టుకుని నిద్రపోతూ ఉండేవారు. మీ గడ్డం ఆనుకుని హారన్ మోగుతూనే ఉండేది. వీధి వీధంతా లేచేది. మీరు తప్ప."

"నువ్వొచ్చి తలుపు కొడితే లేచేవాణ్ణిగా!"

"తలుపు కాదు, మీ నెత్తి మీద కొట్టేదాన్ని."

రెండో వీధిలో ఆయన ఆస్పత్రి ఉన్న గదుల్లో ఇప్పుడు కేకుల కొట్టు నడుస్తోంది. గాజు అద్దాల వెనక రంగురంగుల క్రీములు మెరుస్తున్నాయి. పళ్లు బాగుచేసిన చోటే పళ్లు పాడుచేస్తున్నారని డాక్టరుగారు నిట్టూర్చారు. "అప్పుడే ఈ కొట్టు ఉంటే నా ప్రాక్టీసు ఎంత బాగుండేదో!" అని కూడా అన్నారు.

మూడో వీధి పల్లంగా ఉంటుంది. ఆవిడ కారు నేర్చుకున్నది అక్కడే. మొదటి రోజు బ్రేకుకి బదులు ఇంకోటి తొక్కి ఇస్త్రీ బల్లని గుద్దింది. ఎవరివో మడతలేసిన చొక్కాలు గుట్టగా బానెట్టు మీదికొచ్చి పడ్డాయి. అవి నలగకూడదని ఆవిడ మొదటి గేరులో, మెల్లిగా, బానెట్టు మీద చొక్కాలతోనే వీధి చివరిదాకా పోనిచ్చింది. చాకలాయన పక్కనే పరిగెత్తుతూ "ఇంకొంచెం మెల్లిగా అమ్మా, కాలరు జారుతోంది!" అని అరిచాడు. ఆ సంగతి గుర్తొచ్చి ఇద్దరూ నవ్వుకున్నారు.

నాలుగో వీధిలో చిన్నది చదివిన బడి ఉంది. గోడకి కొత్త రంగులేశారు, గేటు మాత్రం పాతదే. పెద్దదాని హారన్ బాతు అరిచినట్టుంటుందని స్నేహితురాళ్లు నవ్వితే, ఆ పిల్ల సందు చివరే దిగిపోతానని పేచీ పెట్టేది. తర్వాత హాస్టల్లో చేరాక ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగే ప్రశ్న, "నాన్నా, పెద్దదెలా ఉంది?" అనే. వీళ్లిద్దరి క్షేమం ఆ తర్వాతే.

"మళ్లీ మొదటి వీధికొచ్చేశాం" అంది ఆవిడ. ఆ గొంతులో విసుగు లేకపోవడం డాక్టరుగారికి వింతగా తోచింది.

ఇంకొన్ని చుట్లు తిరిగారు. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు వైపు జరగడం మొదలుపెట్టింది. పాత ఇంజను, ఇంతసేపు తిప్పితే ఏమన్నా అవుతుందేమోనని ఆవిడకి భయం పట్టుకుంది. ఎవరినైనా తెలిసినవాళ్లని అడగడం మంచిదని పాత కార్ల సంఘం అధ్యక్షుడికి ఫోను చేసింది. ఆయన ఓడ కెప్టెన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటే. ఏళ్ల తరబడి సముద్రపు గాలికి చెవులు కొంచెం మందగించాయి. దానికితోడు కొత్త రూలు మీద ఎవరైనా యుద్ధం ప్రకటిస్తే బాగుండునని నెలరోజులుగా ఎదురుచూస్తున్నాడు.

"అన్నయ్యగారూ! మేం పొగాఫీసు చుట్టూ తిరుగుతున్నాం. ఈయన ఆపేది లేదంటున్నారు. లోపలికి పిలిచేదాకా ఇలా తిరుగుతూనే ఉంటారట. ఇలా అయితే బండి..."

సరిగ్గా అప్పుడే పెద్దది సైలెన్సరులోంచి ఢామ్మని ఒక్క పేలుడు పేల్చింది. ఆవిడ ఉలిక్కిపడింది, చేతిలో ఫోను సీటు కింద పడింది, కాల్ కట్టయింది.

కెప్టెన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనకి చేరిన సమాచారం ఇది: పళ్ల డాక్టరు ఒంటరిగా పొగాఫీసుని చుట్టుముట్టాడు. లోపలికి పిలిచి మాట్లాడేదాకా ఆపనంటున్నాడు. అక్కడేదో పేలింది. ఆయన వెంటనే సంఘం సభ్యులందరికీ ఫోన్లు కొట్టాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క కాల్ కూడా తప్పుగా కలపలేదని ఆవిడకి ఎక్స్ఛేంజీలో గొప్ప పేరుండేది. ఆ పేరు ఆ పూటతో పోయింది.

కాసేపటికి డాక్టరుగారు వెనకద్దంలో చూస్తే ఒక ఆకుపచ్చ కారు కనబడింది. సంఘంలోని బట్టల కొట్టాయనది. దాని వెనక ఎర్ర జీపు, దాని వెనక పైకప్పు లేని నీలం బండి వస్తున్నాయి. ఒక్కో చుట్టుకీ ఒక్కో కారు కలుస్తోంది.

"చూశావా, అందరికీ ఈ రోజే పరీక్ష పడింది. పాపం, వాళ్లూ మనలాగే వేడెక్కిస్తున్నారు" అని డాక్టరుగారు సంతోషంగా కిటికీలోంచి చెయ్యి ఊపారు. నాయకుడి సైగ అందిందని వెనకవాళ్లంతా హారన్లు కొట్టారు. ఒకటి బాతులా, ఒకటి మేకలా, ఒకటి పాత రైలులా మోగాయి.

వీధుల్లో జనం బయటికొచ్చేశారు. మంగలి షాపులోంచి సగం గడ్డం నురగతో ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. "మా నాన్నకి ఇదేనయ్యా ఉండేది, ఇదే రంగు!" అని ఆయన పసుపు కారు వెంట నాలుగడుగులు నడిచి, మడ్‌గార్డుని తడిమి ఆగిపోయాడు. మేడ మీద ఒక ముసలావిడ చీర చెంగుతో కళ్లొత్తుకుంది. జ్ఞాపకాలకో పొగకో మరి తెలియలేదు. మూలమీద ట్రాఫిక్ కానిస్టేబులు ఇంతమంది హుందాగా వరసలో వెళ్తున్నారంటే అనుమతి ఉండే ఉంటుందని, మిగతా బండ్లన్నీ ఆపేసి, పెద్దదానికి సెల్యూట్ కొట్టాడు. డాక్టరుగారు సిగ్గుపడుతూ తిరిగి కొట్టారు.

అప్పుడొచ్చాడు కెప్టెన్. ఆయన మెరూన్ రంగు కారు పడవంత పొడుగు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఓడ మీద వాడిన బాకా గొట్టం కిటికీలోంచి బయటపెట్టి అరుస్తున్నాడు. "వెనక్కి తగ్గొద్దు! డాక్టరూ, వెనక్కి తగ్గొద్దు!"

"వెనక్కి రావద్దంటున్నాడు, వెనకేదో అడ్డం ఉన్నట్టుంది" అని డాక్టరుగారు జాగ్రత్తగా ముందుకే పోనిచ్చారు.

పొగాఫీసు లోపల ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూశాడు. చుట్టూ కార్లు, కార్ల చుట్టూ పొగ, పొగలోంచి బాకా వినబడుతోంది. అన్నిటికంటే ముందున్న పసుపు కారుని గుర్తుపట్టగానే ఆయన కిటికీ రెక్క మూసేశాడు. వెంటనే గేటు మూయించి పెద్దాఫీసరుకి ఫోను చేశాడు.

"మేడం, మనల్ని చుట్టుముట్టారు. నాయకుడు కిందటి నెల నేను ఫెయిల్ చేసిన పళ్ల డాక్టరు. కక్ష పెట్టుకుని వచ్చాడు మేడం."

మేడం వెంటనే బయల్దేరింది. కానీ ఆవిడ జీపు వీధిలోకి తిరిగేసరికి కానిస్టేబులు దాన్ని కూడా వరసలోనే కలిపేశాడు. ముందు ఎర్ర జీపు, వెనక నీలం బండి. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. పాపం, ఆవిడా ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. ప్రభుత్వం వారు కూడా పాల్గొంటున్నారని జనం చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి ఊపేసి, తర్వాత నాలిక కరుచుకుంది.

ఈలోగా మైకులో డాక్టరుగారి నంబరు పిలిచారు. ఆయన ఆనందంగా గేటు దగ్గరికి వచ్చి చూస్తే గేటు మూసి ఉంది. ఒక్క హారన్ కొట్టారు. వెనక బాతులూ మేకలూ రైళ్లూ అన్నీ అందుకున్నాయి. మేడం జీపు దిగి, చెవులు మూసుకుని, పసుపు కారు కిటికీ దగ్గరికి నడిచొచ్చింది.

"నాయకులు మీరేనా?"

"నేనా? నేను పళ్ల డాక్టర్నండీ."

"తెలుసు. మీ డిమాండ్లేమిటో చెప్పండి."

"డిమాండ్లా? ఏం లేదమ్మా, నా బండికి పరీక్ష చెయ్యండి చాలు."

మేడం గేటు ఊచల వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. ఇన్‌స్పెక్టరు నేల వైపు చూశాడు. "పరీక్ష వద్దని కదండీ మీ గొడవ?"

"ఎవరన్నారండీ? పొద్దుట్నించి పరీక్ష కోసమేగా తిరుగుతున్నాను! గేటు తీయరేం?"

అప్పటికి కెప్టెన్ బాకాతో సహా వచ్చేశాడు. "లొంగిపోకండి డాక్టరూ! ఇంతదూరం వచ్చాక!"

"ఎంతదూరం వచ్చానండీ, నాలుగు వీధులేగా" అన్నారు డాక్టరుగారు అయోమయంగా. ఆయన భార్య మాత్రం బాకా వైపు, కార్ల వైపు, సీటు కిందినుంచి తీసిన తన ఫోను వైపు ఒకసారి చూసి, జరిగిందంతా గ్రహించి, చెంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని మేడం మెత్తబడింది. నిజానికి ఆవిడ నవ్వాపుకోలేక చస్తోంది.

వీధిలో జనం పెరిగిపోతున్నారు. మేడం గబగబా ఆలోచించి, అందరికీ వినబడేలా చెప్పింది. "సరే, గొడవలొద్దు. ఇక్కడున్న పాత బండ్లన్నిటికీ ఇప్పుడే, ఇక్కడే పురాతన ఫలకం తగిలిస్తాం. ఇక మీకు పరీక్షలుండవు. జన్మలో ఉండవు. సరేనా?"

కేకలు, ఈలలు మిన్నంటాయి. కెప్టెన్ని ఇద్దరు భుజాల మీదికి ఎత్తబోయి, బరువు చూసి మానుకున్నారు. ఇన్‌స్పెక్టరు గేటు తీయించి, లోపల్నించి ఫలకాల పెట్టె మోయించుకొచ్చి, స్క్రూడ్రైవరు పట్టుకుని వరసగా బిగించుకుంటూ బయల్దేరాడు.

పెద్దది కిందనుంచి ఒక్క తెర దగ్గింది. డాక్టరుగారు మీటర్ల వైపు చూశారు. ముల్లు ఎరుపులో ఉంది. గొట్టం పెట్టిస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఫెయిలైతే ఈ సాయంత్రానికి నంబరుండదు. ఈ బండిలో ఆస్పత్రి నించి చిన్నదాన్ని పొత్తిళ్లలో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఆ వెనక సీటు మీద ఆ పిల్ల ఒలకబోసిన సిరా మరక ఇంకా ఉంది. ఒక్క ఫలకం బిగిస్తే ఇదంతా కళ్లెదుటే ఉంటుంది, ఎవరూ పట్టుకుపోరు.

"తీసుకుందామంటావా?" అన్నారు భార్యతో నెమ్మదిగా.

ఆవిడ మొహం మీద చెంగు తీసి, కిటికీలోంచి మేడాన్ని అడిగింది. "ఏమ్మా, ఇది తగిలించుకుంటే బండెక్కి ఎక్కడెక్కడికి వెళ్లచ్చు?"

"ప్రదర్శనలకి, ఊరేగింపులకి, మెకానిక్ దగ్గరికి. ఈ మూడింటికే రోడ్డెక్కాలండీ."

"మరి కూరగాయలకి?"

"కుదరదమ్మా."

"మా అమ్మాయి వస్తే స్టేషనుకి?"

"అదీ కుదరదు."

"ఊరికే? అంటే, పని లేకపోయినా, ఊరికే ఇద్దరం అలా వెళ్లిరావాలంటే?"

మేడం కొంచెం తటపటాయించింది. "ఊరికే అనేది అసలు రూల్లోనే లేదండీ."

ఆవిడ సీటులో నిటారుగా కూర్చుంది. అప్పుడు పలికిన గొంతు పాత ఎక్స్ఛేంజీ గొంతు. "అయితే మాకొద్దు. పరీక్ష చెయ్యండి."

"ఫెయిలైతేనోయ్?" అన్నారు డాక్టరుగారు.

"ఫెయిలైతే ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. ఫెయిలవుతుందని పరీక్ష రాయనివ్వకుండా ఇంట్లో కూర్చోబెడతామా? చిన్నదాన్ని అలా పెంచామా? మరి పెద్దదానికేం తక్కువ?"

డాక్టరుగారికి గుండె నిండిపోయింది. స్టీరింగు వదిలి భార్య చెయ్యి పట్టుకోవాలని, అలవాటు కొద్దీ కుడిచేత్తో తాళం తిప్పి బండి ఆపేశారు.

ఇంజను చప్పుడు ఆగిపోయింది. "అయ్యో!" అన్నారిద్దరూ ఒకేసారి.

తాళం తిప్పారు. పెద్దది గుర్రుమని ఊరుకుంది. మళ్లీ తిప్పారు. ఊ అనలేదు, ఆ అనలేదు. చల్లారేదాకా ఆగితే స్టార్టవుతుంది, కానీ చల్లగా ఉంటే ఫెయిలవుతుంది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. చివరికి ఆవిడ కిందకి దిగి, వీధి మధ్యలో నిలబడి, కెప్టెన్‌ని పిలిచింది.

"అన్నయ్యగారూ, బాకా పక్కన పెట్టి ఒక చెయ్యి వెయ్యండి."

పొగ పరీక్షని ఎదిరించడానికి వచ్చిన సంఘం మొత్తం చొక్కా చేతులు మడుచుకుని, తమ నాయకుడి బండిని పొగ పరీక్షలోకి తోసింది. బట్టల కొట్టాయన, సగం గడ్డం ఆయన, కానిస్టేబులు, మేడం జీపు డ్రైవరు, అందరూ పట్టారు. సరిగ్గా సైలెన్సరు వెనక, నడుం వంచి, ఓడని ఒడ్డుకి చేర్చినంత పట్టుదలతో కెప్టెన్ తోశాడు. డాక్టరుగారు రెండో గేరులో వేసి, బండి ఊపందుకోగానే క్లచ్ వదిలారు.

పెద్దది ఒక్క ఉదుటున ముందుకి దూకి, వెనకనుంచి ఇన్నేళ్లుగా కడుపులో దాచుకున్న మసంతా ఒకేసారి కక్కేసింది. నల్లటి మేఘం లేచింది. అది తేలిపోయాక చూస్తే కెప్టెన్ ఒంటిమీద తెల్లగా కనబడేవి పళ్లు మాత్రమే. వాటి మెరుపు చూసి డాక్టరుగారికి వృత్తిపరంగా తృప్తి కలిగింది.

ఆ తర్వాత మాత్రం సైలెన్సరులోంచి మసక కూడా రాలేదు. పొద్దుట్నించి తిరిగిన తిరుగుడికి ఇంజను కాగి ఉంది, మిగిలిన మసి కెప్టెన్ చొక్కాలోకి పోయింది. ఇన్‌స్పెక్టరు గొట్టం పెట్టాడు. మిషను కాసేపు ఆలోచించింది. ఆవిడ తన భర్త చొక్కా అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. మిషను మీద పచ్చ దీపం వెలిగింది.

ఇన్‌స్పెక్టరు నమ్మలేక ఇంకోసారి పెట్టాడు. మళ్లీ పచ్చదే వెలిగింది.

"పాసైంది" అన్నాడు మెల్లిగా, తనే ఫెయిలైనట్టు. డాక్టరుగారు బానెట్టు మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డారు. చెయ్యి కాలుతున్నా తీయలేదు.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఇంకో గలాటా మొదలైంది. ఫలకాలు బిగించుకున్నవాళ్లంతా ఇళ్లకి బయల్దేరబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కడికండీ?"

"ఇంటికి" అన్నాడు కెప్టెన్ మసి తుడుచుకుంటూ.

"ప్రదర్శన, ఊరేగింపు, మెకానిక్. ఇందులో ఇల్లు లేదు కదండీ. ఇందాక చప్పట్లు కొట్టారుగా!" మేడం మొహంలో చిరునవ్వు మెరిసిందో లేదో తెలియకుండా మాయమైంది. "ఊరేగింపుగా వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు."

గత్యంతరం లేక సంఘమంతా మళ్లీ వరస కట్టింది. అందరూ కలిసి ఒక్కొక్కరినే ఇంటిదగ్గర దింపుకుంటూ పోవాలని తీర్మానమైంది. వెనకాల కానిస్టేబులు మోటారు సైకిలు మీద, రూలు తప్పుతారేమోనని కనిపెట్టుకుని వెళ్లాడు.

డాక్టరుగారు మాత్రం ఎటు వెళ్తున్నారో ఎవరికీ చెప్పక్కర్లేని మనిషి. భార్యని ఎక్కించుకుని, ఊరు దాటి చెరువు గట్టు రోడ్డు మీదికి పోనిచ్చారు. పని ఏమీ లేదు, ఊరికే. కిటికీలు దింపారు. ఎండ మెల్లగా పలచబడుతోంది. ఆవిడ జుట్టు గాలికి రేగి మొహం మీద పడుతున్నా వెనక్కి తోసుకోలేదు.

"చిన్నదానికి చెప్పాలండీ, పెద్దది పాసైందని" అంది.

అంతలో ఫోను మోగింది. కెప్టెన్. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. దారిలో ఒక్కొక్కరూ తమ ఇళ్ల దగ్గర ఆగిపోయారు. బట్టల కొట్టాయన కూడా గేటు వేసుకున్నాడు. ఇక మిగిలింది ఆయన ఒక్కడే. ఒక్క కారుని ఊరేగింపు అనరని కానిస్టేబులు నడిరోడ్డు మీద బండి ఆపించాడు.

"చెల్లెమ్మా, కాస్త మీరొచ్చి నా వెనక నడిపితే చాలు, ఊరేగింపైపోతుంది. ఇల్లు కనబడుతూనే ఉంది!"

ఆవిడ భర్త వైపు చూసి, గొంతు సవరించుకుని, పాత ఉద్యోగపు మర్యాదతో చెప్పింది.

"క్షమించండి అన్నయ్యగారూ, మాది మామూలు కారు. ఊరేగింపులకి పనికిరాదు."